బ్రోకరు లేకుండా రంగంలో ఇల్లు చూడటం

(మహాసభల్లో ఇళ్ళ కొనుగోలుపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి ఈ హాల్లో వడ్డీ రేట్ల గురించి, స్కూలు డిస్ట్రిక్టుల గురించి, ఆదివారం ఓపెన్ హౌస్‌ల గురించి చాలా మంచి విషయాలు విన్నాం. నేను చెప్పబోయేది యాంగాన్ సంగతి. 1989లో ప్రభుత్వం పేరు మార్చే దాకా ప్రపంచానికి అది రంగూన్. మన తాతలకు మాత్రం అది రంగం. "రంగం వెళ్ళాడు" అంటే శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో వేరే వివరణ అక్కర్లేదు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఇప్పటికీ అక్కడే ఉంటున్న తెలుగువాణ్ణి నేను.

"మా ఇళ్ళ గొడవ మాకు చాలదా, రంగం ఇళ్ళతో మాకేం పని?" అని మీకు అనిపించవచ్చు. ఇక్కడికి వచ్చిన రెండు రోజుల్లో నన్ను చాలామంది ఆ ఇళ్ళ గురించే అడిగారు. వారిలో రెండు రకాలు. కొందరికి అక్కడ ఇంకా చుట్టాలున్నారు, వాళ్ళ పేరు మీద ఒక ఇల్లు కొంటే ఎలా ఉంటుందని అడిగారు. ఇంకొందరి తాతలు అక్కడి నుంచి వచ్చేసినవాళ్ళు, వారి ట్రంకు పెట్టెలో ఒక పాత కాగితం ఉంది, అదేమిటో చెప్పమన్నారు. ఈ ఇద్దరికీ పనికొచ్చే మాటలు కొన్ని చెబుతాను.

ఇక్కడికీ అక్కడికీ తేడా

ఇక్కడ ఓపెన్ హౌస్ అంటే గేటు ముందు బోర్డు, లోపల ఒక ఏజెంటు, బల్ల మీద కరపత్రాలు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. 2024 ఆగస్టు 17 నుంచి వచ్చిన కొత్త నిబంధన మీకు తెలిసిందే. ఏజెంటును వెంటబెట్టుకుని ఇల్లు చూడాలంటే ముందే ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాలి. మీ అంతట మీరు ఓపెన్ హౌస్‌కు వెళితే ఆ సంతకం అక్కర్లేదు. అయితే తలుపు తీసి నవ్వుతూ పలకరించే ఆ ఏజెంటు అమ్మేవాళ్ళ మనిషి అన్న సంగతి మరవకూడదు. మీ బడ్జెట్ ఎంతో, మీకు ఎంత తొందరో ఆయనకు చెబితే అమ్మేవాళ్ళకు చెప్పినట్టే.

ఆ జాగ్రత్త ఒక్కటి తీసుకుంటే, ఏజెంటు లేకపోయినా మీ వెనుక చాలామంది ఉన్నారు. కౌంటీ ఆఫీసులో రికార్డులున్నాయి. టైటిల్ కంపెనీ ఉంది. డబ్బును మధ్యలో భద్రంగా పట్టుకునే ఎస్క్రో ఉంది. ఇంటిని కిందా మీదా చూసిపెట్టే ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. ఏజెంటు లేనివాడికి ఇక్కడ లేనిది సలహా చెప్పే మనిషి మాత్రమే.

మా ఊళ్ళో ఇళ్ళన్నిటినీ ఒకచోట చూపించే ఉమ్మడి జాబితా లేదు. టైటిల్ ఇన్సూరెన్స్ లేదు. ఎస్క్రో అలవాటులో లేదు. కొత్తగా కడుతున్న కాండోల దగ్గర షోరూములు తప్ప, పాత ఇంటికి ఓపెన్ హౌస్ అనే మాటే లేదు. కాబట్టి మా ఊళ్ళో బ్రోకరు లేకుండా ఇల్లు చూడబోయేవాడు ఈ పనులన్నీ తానే చేసుకోవాలి. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. కమిషన్ మిగులుతుంది గానీ పని మిగలదు, ఆ పనంతా మన నెత్తిన పడుతుంది.

మనవాళ్ళు, రంగం ఇళ్ళు

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనాభా 4 లక్షలు. అందులో 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులే. అంటే సగం కంటే ఎక్కువ. మనవాళ్ళలో ఎక్కువమంది ఓడరేవులో, ధాన్యం మిల్లుల్లో, రిక్షాల మీద పనిచేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారు గనుక బర్మావాళ్ళు తెలుగువారిని కోరంగీలు అనేవారు. మేస్త్రీ అప్పిచ్చి తీసుకొచ్చేవాడు, మేస్త్రీయే బస చూపించేవాడు. ఒక్కో గదిలో పదుల మంది వంతులవారీగా పడుకునేవారు. ఊరంతా తిరిగి మూటలు మోసినవాళ్ళకు ఆ ఊళ్ళో సొంత గుమ్మం ఉండేది కాదు.

1930 మే నెలలో రేవు కూలీల సమ్మె, దాని వెనుకే అల్లర్లు వచ్చాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. లక్షలాది మంది ఇళ్ళకు తాళాలు వేసి, కొండలూ అడవులూ దాటి నడిచి భారతదేశం చేరారు. దారిలోనే పోయినవాళ్ళు ఎందరో. యుద్ధం ముగిశాక కొందరు తిరిగొచ్చి చిన్న చిన్న షాపులు పెట్టుకున్నారు, ఇళ్ళు కొనుక్కున్నారు. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మేలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. మళ్ళీ ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట అలా వచ్చిందే.

1985లో ఒకసారి, 1987లో మరోసారి నోట్లు రద్దయ్యాయి. దాచుకున్న నోట్లు రాత్రికి రాత్రి చిత్తు కాగితాలైపోవడం చూసిన జనం చేతిలో నాలుగు రాళ్ళు పడగానే బంగారమో ఇల్లో కొంటారు. మా ఊళ్ళో ఇళ్ళ ధరలు జీతాలతో పొంతన లేకుండా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

ఎవరు కొనవచ్చు?

ముందు మీలో చాలామందికి నచ్చని మాట చెప్పేస్తాను. 1987 నాటి స్థిరాస్తి బదిలీ నియంత్రణ చట్టం ప్రకారం విదేశీయులకు భూమి గానీ ఇల్లు గానీ అమ్మకూడదు. ఏడాదికి మించి లీజుకు కూడా ఇవ్వకూడదు. మీ తాత అక్కడ పుట్టినా, మీ చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టో ఇండియా పాస్‌పోర్టో అయితే మీరు విదేశీయులే. 2016లో వచ్చిన కాండోమినియం చట్టం ఒక్క సందు తెరిచింది. ఆ చట్టం కింద రిజిస్టరైన కాండోల్లో 40 శాతం వరకు విదేశీయులు కొనవచ్చు. ఊళ్ళో కనిపించే ప్రతి పెద్ద భవనమూ ఈ చట్టం కింద రిజిస్టరైన కాండో కాదు. బోర్డు మీద ఆ పేరు రాసుకున్నంత మాత్రాన సరిపోదు. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగాలి.

ఇక బినామీ. "మా పిన్ని కొడుకు పేరు మీద కొంటాను" అన్నవారు నిన్న నాకు ముగ్గురు కనిపించారు. చట్టం దృష్టిలో ఆ ఇల్లు ఆ పిన్ని కొడుకుదే. రేపు ఆయన పిల్లలది. మీ పేరు ఎక్కడా ఉండదు. చుట్టానికి సాయం చేయాలనుకుంటే సాయంగానే ఇవ్వండి, అది గొప్ప పని. ఆస్తి అనుకుని ఇవ్వకండి. డబ్బు హుండీలో పంపితే అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం ఉండదు. ఇల్లు కొన్నప్పుడు ఆదాయం ఎలా వచ్చిందో చూపలేనివారి మీద అదనపు పన్ను పడుతుంది. ఆ భారం పడేది మీ చుట్టం మీదే.

అక్కడి పౌరులైన మన తెలుగువారి సంగతి వేరు. 1982 పౌరసత్వ చట్టం పౌరులను మూడు తరగతులు చేసి గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు కార్డులిచ్చింది. ఇల్లు చూడటానికి బయల్దేరే ముందు మనవాళ్ళు చూసుకోవలసింది తమ కార్డునే. దాని మీద పేరు, తండ్రి పేరు, నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చుకోవాలి. ఎందుకో తరువాత చెబుతాను.

ఇల్లు దొరకబుచ్చుకోవడం

మా ఊళ్ళో బ్రోకరును ప్వేజా అంటారు. ఆయన ఆఫీసు చాలాసార్లు టీ కొట్టే. ఇద్దరు ముగ్గురు ప్వేజాలు ఒక బల్ల చుట్టూ చేరి, చేతిలో నోటు పుస్తకాలతో ఇళ్ళ జాబితాలు చెప్పుకుంటూ ఉంటారు. అమ్మకం జరిగితే ధరలో ఒకటి రెండు శాతం వాళ్ళది. వాళ్ళను నేను తప్పుపట్టను. ఆ వీధిలో పోయిన ఏడాది ఏ ఇల్లు ఎంతకు పోయిందో వాళ్ళకే తెలుసు. ఇక్కడ మీరు ఇంటర్నెట్లో చూసే సమాచారం అక్కడ వాళ్ళ బుర్రల్లో ఉంటుంది.

వాళ్ళు లేకుండా వెతకాలంటే కాళ్ళకు పని చెప్పాలి. అమ్మకానికున్న ఇంటి వరండాకు ఒక రేకు బోర్డో గుడ్డో కట్టి, ఫోన్ నంబరు రాస్తారు. కొన్నిటి మీద బ్రోకర్లు రావద్దని కూడా రాసి ఉంటుంది. మీకు కావలసినవి అవే. బోర్డు కనపడగానే ఫోన్ చేయకండి. ముందు కింద కిళ్ళీ కొట్టు దగ్గర ఆగండి. ఆ ఇల్లు ఎన్నాళ్ళుగా అమ్మకానికుంది, ఎందుకు అమ్ముతున్నారు, నీళ్ళు ఏ వేళకు వస్తాయి అన్న మూడు ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ధర మాట్లాడేటప్పుడు మనవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. బర్మావాళ్ళూ లక్షల్లోనే లెక్కపెడతారు. మన లక్ష వాళ్ళ థెయిన్. మిలియన్లలోకి మార్చుకుని తికమక పడక్కర్లేదు.

ఒక ఇంటిని నాలుగుసార్లు చూడాలి

మా అక్క కూతురూ అల్లుడూ తామ్వే పేటలో బ్రోకరు లేకుండా ఇల్లు చూశారు. వాళ్ళు చూసిన పద్ధతి చెబుతాను.

మొదటిసారి పగలు వెళ్ళారు. మా ఊరి పాతకాలపు ఫ్లాటు పన్నెండున్నర అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు ఉంటుంది. రైలు పెట్టెలాగా ముందొక కిటికీ, వెనకొక కిటికీ. చాలా ఇళ్ళను మధ్యలో గోడలు లేకుండా ఒకే హాలుగా అమ్ముతారు. గదులు మనమే చేయించుకోవాలి. ఆ ఖర్చు ధరలో కలుపుకోవాలి. ఐదారు అంతస్తుల భవనాలకు లిఫ్టు ఉండదు. అందుకే కింది అంతస్తు అన్నిటికంటే ఖరీదు, పైకి పోయే కొద్దీ చవక. పై అంతస్తుల వాళ్ళు వరండా నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడదీసి, దానికి క్లిప్పో గంటో కడతారు. పేపరు, ఉత్తరాలు, తాళం చెవులు అన్నీ దాంతోనే పైకి వెళతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, ఆ తాడు ఎందుకుందో మీ అమ్మగారి మోకాళ్ళను అడిగి తెలుసుకోండి.

రెండోసారి రాత్రి, కరెంటు పోయిన వేళ వెళ్ళారు. మా దగ్గర కోతలు గంటల తరబడి ఉంటాయి. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే పైన ట్యాంకులో నీళ్ళు లేవు. మెట్ల మీద దీపం ఎవరు పెడతారు, జనరేటరు ఖర్చు ఎలా పంచుకుంటారు అన్నది చీకట్లోనే తెలుస్తుంది.

మూడోసారి వానలో వెళ్ళారు. యాంగాన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాదాపు అంతా మే నుంచి అక్టోబరు లోపలే. వేసవిలో కొత్త సున్నం వేసిన గోడ ఆగస్టులో నిజం చెబుతుంది. 2008 మేలో నర్గీస్ తుపాను వచ్చినప్పుడు ఊళ్ళో ఎన్నో కప్పులు ఎగిరిపోయాయి. పై అంతస్తు కొనేవాళ్ళు ఆ కప్పు ఎప్పటిదో అడగాలి. 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో వచ్చిన భూకంపం మాండలే, సగాయింగ్‌లను కూల్చింది. ఆ పగులు రేఖ యాంగాన్‌కు దూరమేమీ కాదు. భవనానికి నగరపాలక సంస్థ ఇచ్చే నిర్మాణ పూర్తి ధ్రువపత్రం ఉందా, అనుమతి తీసుకున్న అంతస్తుల కంటే ఎక్కువ కట్టారా అన్నవి ఇప్పుడు తప్పక అడగవలసిన ప్రశ్నలు.

నాలుగోసారి కాగితాల కోసం వెళ్ళారు. కథ అక్కడ మారింది.

కాగితాలు

ఇల్లు చూపించినాయన మంచివాడే. కుటుంబ సభ్యుల జాబితా తెచ్చి చూపించాడు, అందులో ఆయన పేరు మొదట ఉంది. చాలామంది దాన్నే హక్కు పత్రం అనుకుంటారు. అది ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారో చెప్పే కాగితం. ఇల్లు ఎవరిదో చెప్పదు. మా అమ్మాయి గ్రాంటు కాగితం అడిగింది. అది చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది. ముగ్గురు పిల్లలు, వారిలో ఒకామె వేరే దేశంలో ఉంది.

"మావయ్యా, అందరి సంతకాలు అడిగితే ఆయన నొచ్చుకుంటాడేమో" అని నాకు ఫోన్ చేసింది.

"ఈ రోజు ఆయన నొచ్చుకుంటే ఒక పూట. ఆ చెల్లెలు పదేళ్ళ తరువాత వస్తే నీకు జీవితాంతం" అన్నాను.

అడిగింది. ఆయన ఇవ్వలేకపోయాడు. ఇల్లు వదిలేసుకున్నారు. ఆ ఇంటి మీద ఎంతో ఆశ పెట్టుకున్న పిల్ల వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏడు నెలల తరువాత అదే పేటలో ఇంకో ఇల్లు కొనుక్కున్నారు. దాని కాగితాలు సక్రమంగా ఉన్నాయి.

మీరు గుర్తుంచుకోవలసినవి ఇవి.

ఒకటి, భూమి ఏ రకం? సొంత హక్కు భూమి, గడువుతో ఇచ్చిన గ్రాంటు భూమి, పర్మిట్ భూమి, సాగు భూమి అని రకాలున్నాయి. గ్రాంటు అయితే ఇంకా ఎన్నేళ్ళ గడువు మిగిలిందో చూడాలి. 1989 తరువాత ఊరి చివర వెలసిన కొత్త పేటల్లో పర్మిట్ స్థలాలు చాలా చేతులు మారాయి. కాగితం మీద మాత్రం మొదటి మనిషి పేరే ఉంటుంది.

రెండు, భూమి చరిత్ర. నగరపాలక సంస్థ ఇచ్చే పటం, చరిత్ర పత్రం తీయించాలి. దాన్ని మ్యే యాజవిన్ అంటారు. మ్యే అంటే నేల. యాజవిన్ అంటే పాళీలోని రాజవంశమే. రాజుల వంశావళిలాగే నేలకూ ఒక వంశావళి అన్నమాట. ఆ మాట తెలుగువాడికి ఇట్టే గుర్తుండాలి.

మూడు, పేరు. బర్మావాళ్ళకు ఇంటిపేరు ఉండదు. ఒకే పేరుతో వేలమంది ఉంటారు. కాబట్టి తండ్రి పేరు, కార్డు నంబరు కలిస్తేనే మనిషి. మన తెలుగు కుటుంబాలలో ఇంకో చిక్కు ఉంది. తాతకు తెలుగు పేరు, తండ్రికి రెండు పేర్లు, మనవడికి బర్మా పేరు. దస్తావేజులో ఉన్న మనిషీ కార్డు మీదున్న మనిషీ ఒక్కరేనని రుజువు చేసుకోవలసిన పరిస్థితి మనవాళ్ళకు తరచుగా వస్తుంది. అందుకే ముందు మీ కార్డు చూసుకోమన్నాను.

నాలుగు, అందరి సంతకాలు. బర్మా బౌద్ధ ఆచార చట్టంలో భార్యాభర్తలు కలిసి సంపాదించినది ఇద్దరిదీ. వీలునామా చెల్లదు. హిందూ కుటుంబాలకు వారి వారసత్వ నియమాలు వర్తిస్తాయి. కొనేటప్పుడు భార్య సంతకం, వారసులందరి సంతకాలు లేకుండా బయానా ఇవ్వకూడదు.

ఐదు, కాంట్రాక్టరు ఫ్లాట్లు. స్థలం ఒకరిది, కట్టినది ఇంకొకరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. ఇలాంటి చాలా ఫ్లాట్లకు విడిగా రిజిస్టరైన హక్కు ఉండదు, చేతులు మారేది ఒప్పంద పత్రమే. ధర తక్కువగా ఉంటే కారణం ఇదేనేమో చూసుకోండి.

ఆరు, పత్రికా ప్రకటన. లాయరు చేత "ఫలానా ఇల్లు కొనబోతున్నాం, అభ్యంతరం ఉన్నవారు ఇన్ని రోజుల్లో తెలపండి" అని దినపత్రికలో వేయించడం మా దగ్గర ఆచారం. ఆ గడువు ముగిసే దాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. బ్రోకరు కమిషన్ మిగిల్చుకున్నవాడు అందులో కొంతైనా మంచి లాయరుకు ఇవ్వాలి. అక్కడ పొదుపు చేయకూడదు.

ట్రంకు పెట్టెలో కాగితం

చివరిగా, తాతగారి కాగితాలు దాచుకున్నవారికి ఒక మాట. వాటితో ఆ ఇల్లు తిరిగి వస్తుందని చెప్పి ఫీజు అడిగేవాళ్ళు వస్తారు. అరవై డెబ్భై ఏళ్ళుగా అక్కడ వేరే కుటుంబాలు కాపురముంటున్నాయి, చట్టాలు మారాయి, మీరు విదేశీయులు. ఆ ఆశ మీద ఒక్క డాలరు కూడా పెట్టకండి. అలాగని ఆ కాగితాలను పారేయకండి. ఓడ టిక్కెట్టు, అద్దె రసీదు, రిజిస్ట్రేషన్ కార్డు, ఏదైనా సరే జాగ్రత్త చేయండి. వాటిలో మీ తాతగారి పేరు, ఆయన తండ్రి పేరు, పుట్టిన ఊరు రాసి ఉంటాయి. అక్కడే ఉండిపోయిన మీ చుట్టాల పిల్లలకు, తాతల పేర్లు రుజువు చేసుకోలేక తిరుగుతున్నవారికి, ఆ కాగితం నకలు ఒకటి ఎంతో ఉపయోగపడవచ్చు. మీరు వాళ్ళ పేరు మీద కొనే ఇంటికంటే, వాళ్ళ పేరు వాళ్ళకు నిలబెట్టే ఆ నకలు విలువైనది కావచ్చు. ఇంటికి వెళ్ళాక పెట్టె తెరిచి చూడండి.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర తప్పక అడగండి.